చియాంగ్ మాయ్‌లో ఎర్ర బండి కిరాయి: తలకు 30 బాతా, బండికి 400 బాతా?

వరంగల్_బాటసారి
అమ్మానాన్నలు, నా భార్య, ఎనిమిదేళ్ల మా అమ్మాయి, నేను, మొత్తం ఐదుగురము మూడు రోజులుగా థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఉన్నాము. బ్యాంకాక్‌లో మెట్రో రైళ్లలో హాయిగా తిరిగి వచ్చినందువల్ల ఇక్కడ కూడా అటువంటి ఏర్పాటు ఏదో ఒకటి ఉంటుందనుకున్నాము. తీరా వచ్చి చూస్తే రైలు లేదు, మేము దిగిన వీధి పరిసరాల్లో బస్సు కనిపించలేదు, ఎటు చూసినా వెనుక బల్లలు వేసి మనుషులను ఎక్కించుకునే ఎర్ర రంగు పికప్ బండ్లే తిరుగుతున్నాయి. నిన్న సాయంత్రం పాత నగరపు థాఫే గేటు దగ్గర ఒక బండిని ఆపి నిమ్మాన్ అనే పేటకు వెళ్లడానికి ఎంత అని అడిగితే డ్రైవరు ఇక్కడి డబ్బులో 400 బాత్ అన్నాడు. బేరమాడగా 300కు ఒప్పుకున్నాడు. దూరం చూస్తే మహా అయితే నాలుగు కిలోమీటర్లు. తిరుగు ప్రయాణానికి వేరొక డ్రైవరు 200 తీసుకున్నాడు. రాత్రి మా బసలో పనిచేసే అమ్మాయితో ఈ మాట అంటే, తాను రోజూ ఆ దారిలోనే 30 బాత్ ఇచ్చి వస్తానని చెప్పింది. ఒకే రకం బండి, ఒకే దారి, మూడు ధరలు ఎలా సాధ్యం? పోయిన డబ్బు కన్నా, మా నాన్నగారు పక్కన ఉండగా మోసపోయాననే బాధే నన్ను ఎక్కువగా తొలుస్తున్నది. ఇంకా నాలుగు రోజులు ఉంటాము. ఇక్కడ నివసిస్తున్నవారు న్యాయమైన కిరాయి ఎంతో, ఎలా అడగాలో చెప్పగలరని ఆశిస్తున్నాను.

నిమ్మాన్_గూడు
బాటసారి గారూ, మీకు చెప్పినవి ఒకే సరుకుకు మూడు ధరలు కావు. 30 బాత్ అనేది ఒక సీటు ధర. 400, 300, 200 అనేవి బండి మొత్తానికి ధరలు. బండినంతటినీ మాట్లాడుకోవడాన్ని థాయ్ భాషలో "మావ్" అంటారు. మనం గంపగుత్త అంటామే, అదే. ఐదుగురు కలిసి ఖాళీ బండిని ఆపి "ఎంత" అని అడిగిన మరుక్షణమే డ్రైవరు మిమ్మల్ని గంపగుత్త బేరం కింద లెక్క వేసుకుంటాడు. ఇక్కడివారు ధర అడగరు. ఎడమవైపు కిటికీ దగ్గరకు వెళ్లి, వెళ్లవలసిన చోటు పేరు మాత్రం చెబుతారు. డ్రైవరు సరేనంటే వెనుక ఎక్కి కూర్చుంటారు, కాదంటే తరువాతి బండి కోసం చూస్తారు. దిగవలసిన చోటు రాగానే పైకప్పుకు ఉన్న బొత్తం నొక్కి, దిగి, కిటికీ దగ్గరకు వచ్చి డబ్బు చేతికిస్తారు. మూడేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. పగటిపూట నగరం లోపల ఒక్కసారి కూడా 30 కన్నా ఎక్కువ ఇవ్వలేదు.

వరంగల్_బాటసారి
ధర అడగకుండా బండి ఎక్కడం మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి నేర్పిన దానికి పూర్తిగా విరుద్ధం. ఎక్కిన తరువాత దిగేటప్పుడు 500 అంటే ఏమి చేయాలి?

బ్యాంకాక్_పదేళ్లు
ఆ ప్రశ్నే అసలైన ప్రశ్న. నిమ్మాన్ గూడు గారు చెప్పిన పద్ధతి పనిచేస్తుందని ఒప్పుకుంటాను కాని, అది న్యాయమైన పద్ధతి అని మాత్రం ఒప్పుకోను. ధర అడగడమే తప్పు అయిపోయి, అడిగినవాడు ఎక్కువ చెల్లించవలసి వచ్చే ఏర్పాటును ప్రజారవాణా అని ఎలా అంటాము? బ్యాంకాక్‌లో 1992 నుంచి టాక్సీలకు మీటరు ఉంది. ఎక్కగానే 35 బాత్ చూపిస్తుంది, ఆ తరువాత దూరాన్ని బట్టి, ట్రాఫిక్‌లో ఆగిన సమయాన్ని బట్టి పెరుగుతుంది. సువర్ణభూమి విమానాశ్రయంలో యంత్రం నుంచి చీటీ తీసుకుని వరుసలో ఎక్కితే మీటరు మీద 50 బాత్ అదనంగా ఇవ్వాలి, ఎక్స్‌ప్రెస్‌వే టోలు వేరు. వాన పడుతున్నప్పుడు, పర్యాటకులు తిరిగే వీధుల్లో మీటరు వేయనని మొండికేసే డ్రైవర్లు అక్కడ కూడా ఉన్నారు. అయినా మీటరు వేయమని అడిగే హక్కు మీ చేతిలో ఉంటుంది, వేయకపోతే దిగిపోయి ఇంకొక టాక్సీ చూసుకోవచ్చు. చియాంగ్ మాయ్‌లో ప్రయాణికుడి చేతిలో ఏముంది?

తెనాలి_పిన్ని
నాకు కిరాయి కన్నా మెట్టు ఎత్తు పెద్ద సమస్య అయింది. బండి వెనుక ఉండే ఇనుప మెట్టు ఎక్కి, తల వంచి, రెండు బల్లల మధ్య నుంచి లోపలికి పోవాలి. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారిని ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది. పెద్దవారు వెంట ఉంటే ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చోబెట్టమని సైగ చేసి అడగండి. మేము అడిగిన ప్రతిసారీ ఒప్పుకున్నారు, ఒక డ్రైవరు తానే దిగి వచ్చి చెయ్యి అందించాడు.

కొబ్బరాకు
ఇది అచ్చంగా మన ఏడు సీట్ల ఆటో పద్ధతి కదా! మా ఊరిలో కూడా కొత్తవాడు "రైల్వే స్టేషనుకు ఎంత" అని అడిగితే ఆటో మొత్తానికి చెబుతారు, ఊరివాడు మాట్లాడకుండా ఎక్కి పది రూపాయలు ఇచ్చి దిగుతాడు.

సుథేప్_నీడ
నేను ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాను, ఆరేళ్లు కావస్తున్నది. నేను వచ్చిన కొత్తలో ఇదే సీటు 20 బాత్ ఉండేది. కొబ్బరాకు గారి పోలిక బాగుంది కాని ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన షేర్ ఆటోకు సాధారణంగా ఒక దారి ఉంటుంది, అది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. చియాంగ్ మాయ్ ఎర్ర బండికి నిర్ణీతమైన దారి లేదు. ముందుగా ఎక్కినవారు ఎటు పోతున్నారో బండి అటు పోతుంది, ఆ దిక్కుకు పోయేవారినే డ్రైవరు దారిలో ఎక్కించుకుంటాడు. అందువల్ల మీకు తల అడ్డంగా ఊపిన డ్రైవరు మిమ్మల్ని తిరస్కరించాడని అనుకోకండి. అతని బండిలో అప్పటికే వేరే దిక్కువారు ఉన్నారన్నమాట. ఖాళీ బండి సంగతి వేరు. ఒక్కరినే ఎక్కించుకుని 30 బాత్‌కు నగరం ఈ చివర నుంచి ఆ చివరకు పోతే డీజిల్‌కు కూడా సరిపోదు, కాబట్టి ఖాళీ బండి డ్రైవరు గంపగుత్త బేరం కోసమే చూస్తాడు. లోపల ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్న బండినే ఆపండి. అందులో సీటు ధరే నడుస్తుంది, పక్కవారు ఎంత ఇస్తున్నారో మీ కళ్ల ముందే కనిపిస్తుంది.

దూరం విషయం కూడా చెప్పాలి. 1296లో మెంగ్రాయ్ రాజు కట్టించిన పాత నగరం నలుచదరంగా ఉంటుంది, ఒక్కొక్క వైపు సుమారు ఒకటిన్నర కిలోమీటరు, చుట్టూ నీటి కందకం. కందకం బయటి రోడ్డు మీద వాహనాలు గడియారపు ముల్లు తిరిగే దిక్కులోను, లోపలి రోడ్డు మీద దానికి ఎదురు దిక్కులోను మాత్రమే నడవాలి. థాఫే గేటు తూర్పున ఉంది, నిమ్మాన్ పడమట ఉంది. పటంలో గీత గీసినంత సూటిగా బండి పోలేదు. మీరు ఇచ్చిన 300 ఎక్కువే, కాదనను, కాని డ్రైవరు చుట్టూ తిప్పాడని మాత్రం అనుకోవద్దు.

బ్యాంకాక్_పదేళ్లు
డ్రైవరు కష్టాన్ని నేను కాదనడం లేదు. దారి లేదు, వేళ లేదు, రాసిపెట్టిన ధర లేదు, అన్నీ ఆ డ్రైవరు నెత్తినా ప్రయాణికుడి నెత్తినా వేసి నగరం చేతులు దులుపుకున్నదనే నా బాధ. చియాంగ్ మాయ్ థాయ్‌లాండ్ ఉత్తర ప్రాంతానికంతటికీ పెద్ద నగరం, విశ్వవిద్యాలయాలు, పెద్ద ఆసుపత్రులు, విమానాశ్రయం అన్నీ ఉన్నాయి. బ్యాంకాక్‌కు 1999లో వంతెనల మీద నడిచే బీటీఎస్ రైలు, 2004లో భూగర్భ మెట్రో, 2010లో విమానాశ్రయ రైలు వచ్చాయి. చియాంగ్ మాయ్‌కు లైట్ రైలు వస్తుందన్న మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాము, ఒక్క పట్టా పడలేదు.

మూడో_బెంచి
బస్సులు అసలు రాలేదనడం సరికాదు. 2018లో నీలం రంగు ఏసీ బస్సులు వచ్చాయి, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా 20 బాతే, విమానాశ్రయం నుంచి పాత నగరానికి, నిమ్మాన్‌కు నేరుగా పోయేవి, బస్సు ఎక్కడ ఉన్నదో ఫోనులో చూసుకోవచ్చు. మన పాఠకులకు నచ్చే విషయం ఏమిటంటే ఆ బస్సు పేరు కూడా ఆర్టీసీయే! రీజినల్ ట్రాన్సిట్ కార్పొరేషన్ అని దాని పూర్తి పేరు. మా నాన్నగారు కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆయనను ఆ బస్సు ముందు నిలబెట్టి తీసిన ఫోటో మా ఇంటి గోడ మీద ఉంది. కోవిడ్ రోజుల్లో పర్యాటకులు లేక ఆ బస్సులు ఆగిపోయాయి.

తెనాలి_పిన్ని
మూడో బెంచి గారూ, మీ నాన్నగారి ఫోటో సంగతి చదివి మనసు నిండింది.

సుథేప్_నీడ
ఆ బస్సు ఆగిపోయినప్పుడు మా ప్రయోగశాలలో పనిచేసే సహాయకురాలు ఎంత ఇబ్బంది పడ్డదో నేను దగ్గర నుంచి చూశాను. ఆమెకు స్కూటరు నడపడం రాదు. రోజూ రెండు ఎర్ర బండ్లు మారి రావాలి, అంటే రానూపోనూ 120 బాత్. పర్యాటకులు ఒక వారం ఉండి వెళ్లిపోతారు, ఆమెకు అది నెల నెలా పడే భారం. ఇక్కడ ఇంటింటికీ మోటారు సైకిళ్లు ఎందుకు ఉన్నాయో, పదిహేనేళ్ల పిల్లలు కూడా వాటి మీద బడికి ఎందుకు పోతున్నారో దీనిని బట్టి అర్థమవుతుంది. విదేశీయులను మోసం చేస్తున్నారా లేదా అన్న ప్రశ్న దగ్గరే మనం ఆగిపోతే, ఈ ఊరి పేదవారు చెల్లిస్తున్న మూల్యం మన కంటికి కనిపించదు.

ఒంటరి_పయనం
నేను పని మీద నెల రోజులు ఉన్నాను, ఒక్కదాన్నే. పగలు ఎర్ర బండి ఎక్కేదాన్ని, రాత్రి తొమ్మిది దాటిన తరువాత మాత్రం యాప్‌లోనే కారు పిలిచేదాన్ని. ధర ముందే తెరమీద కనిపిస్తుంది, బండి నంబరు ఉంటుంది, నేను ఎక్కడ ఉన్నానో ఇంట్లోవారికి పంపవచ్చు. రాత్రి పూట ఎర్ర బండ్లు తగ్గిపోతాయి, దొరికినా ఖాళీగా ఉంటాయి కాబట్టి గంపగుత్త ధరే అడుగుతారు. ఆదివారం రాత్రి రాచ్చదమ్నోన్ వీధి సంత ముగిసే వేళకు యాప్ ధర కూడా పెరుగుతుంది, కందకం దాటి పది నిమిషాలు నడిచి అవతల నుంచి పిలిస్తే నాకు త్వరగా దొరికేది.

బ్యాంకాక్_పదేళ్లు
ఒంటరి పయనం గారు చెప్పినదే నా వాదనకు సాక్ష్యం. ముందే తెలిసిన ధర ఉంటే మనిషి నిశ్చింతగా ప్రయాణిస్తాడు.

నిమ్మాన్_గూడు
ఆ నిశ్చింత ఎవరి కడుపు కొట్టి వచ్చిందో కూడా చూడాలి కదా. 2017లో ఇదే ఊరిలో యాప్ కార్లు నడిపేవారిని పట్టుకుని జరిమానాలు వేశారు, ఎర్ర బండ్లవారికి, వారికి మధ్య గొడవలు జరిగాయి. 2018లో ఉబర్ ఈ ప్రాంతంలోని తన వ్యాపారాన్ని గ్రాబ్ అనే మరో యాప్ సంస్థకు అప్పగించి వెళ్లిపోయింది. 2021లో సొంత కార్లను యాప్‌ల ద్వారా కిరాయికి నడపడానికి ప్రభుత్వమే నిబంధనలు తెచ్చి అనుమతించింది. ఈ నాలుగేళ్లలో ఎర్ర బండి యజమాని బతుకు ఏమైందో మా వీధి చివర బండి నిలిపే పెద్దాయన నాతో చెప్పారు. ఆ బండి ఆయన సొంతం. ఒకప్పుడు రైల్వే స్టేషనుకు బ్యాంకాక్ రైలు వచ్చే వేళకు నిలబడితే బండి నిండిపోయేదట, ఇప్పుడు రైలు దిగినవారు ఫోను చూసుకుంటూ ఆయనను దాటుకుని పోతున్నారట. ఆయన 200 అడిగితే నాకు కోపం రాదు.

బ్యాంకాక్_పదేళ్లు
ఆయన 200 అడిగితే నాకూ కోపం రాదు. 400 అడిగి 300కు దిగిన డ్రైవరు మీదనే నా కోపం. కష్టంలో ఉన్నవాడు ఎక్కువ అడగవచ్చుననే సూత్రం మొదలుపెడితే, దానికి అంతు ఎక్కడ?

సైకిల్_చైను
వీటన్నిటికన్నా స్కూటరు అద్దెకు తీసుకోవడం తేలిక. రోజుకు 250 బాత్ ఇచ్చాను, కావలసిన చోటికల్లా వెళ్లాను.

మూడో_బెంచి
సైకిల్ చైను గారూ, దయచేసి ఈ సలహాను ఇంత తేలికగా ఇవ్వకండి. నా స్నేహితుడు భారతదేశపు లైసెన్సు ఒక్కటే జేబులో పెట్టుకుని స్కూటరు తీసుకున్నాడు. కొండ దారి మలుపులో జారి పడి కాలర్ బోన్ విరిగింది. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేనందున ప్రయాణ బీమావారు ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. ఆ పర్మిట్ మన ఊరి రవాణా కార్యాలయంలోనే, బయలుదేరక ముందే తీసుకోవాలి, అందులో మోటారు సైకిలు నడపడానికి అనుమతి ఉండాలి. ఇక్కడ కందకం చుట్టూ పోలీసులు తరచుగా ఆపి హెల్మెట్, పర్మిట్ చూస్తారు. పైగా బాటసారి గారు ఐదుగురు, అందులో ఇద్దరు పెద్దవారు, ఒక చిన్నపిల్ల.

సైకిల్_చైను
మీరు చెప్పినది నిజమే. నా దగ్గర పర్మిట్ ఉంది, ఆ మాట ముందే రాయవలసింది. పెద్దవారు ఉన్నారన్న సంగతి గమనించలేదు, క్షమించండి.

వరంగల్_బాటసారి
ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. ఈ ఉదయం సుథేప్ నీడ గారు చెప్పినట్లు, లోపల మనుషులున్న బండిని ఆపి, ధర అడగకుండా, ఇక్కడి పెద్ద సంత పేరు "కాద్ లువాంగ్" అని మాత్రమే అన్నాను. డ్రైవరు తల ఊపాడు. నాన్నగారిని ముందు సీటులో కూర్చోబెట్టాము, తెనాలి పిన్ని గారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. దిగిన తరువాత ఐదుగురికి 150 ఇస్తే, డ్రైవరు మా అమ్మాయిని చూపించి 30 తిరిగి ఇచ్చేశాడు. మొన్నటి నుంచి ముభావంగా ఉన్న నాన్నగారు సంతలో ఆ సంగతే అమ్మకు రెండుసార్లు చెప్పారు.

అయినా బ్యాంకాక్ పదేళ్లు గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను. ఈ పద్ధతి తెలుసుకోవడానికి నేను మీ అందరినీ అడగవలసి వచ్చింది. బండి మీద "సీటు 30, బండి మొత్తం కావాలంటే ఇంత" అని ఒక పలక తగిలిస్తే మొన్న రాత్రి నాకు నిద్ర పట్టేది.

రేపు దోయ్ సుథేప్ గుడికి వెళ్లాలనుకుంటున్నాము. దానికి కూడా ఇదే పద్ధతా?

సుథేప్_నీడ
కాదు, అది కొండ మీద ఉంది, నగరం నుంచి సుమారు 15 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. పాత నగరం నుంచి నేరుగా బండి మాట్లాడుకోకండి. ముందు సీటు ధరకు హువే కేవ్ రోడ్డులోని విశ్వవిద్యాలయం ముఖద్వారం దగ్గరకు రండి. అక్కడ, జూ దగ్గర కొండ మీదికి పోయే ఎర్ర బండ్లు వరుసగా నిలిచి ఉంటాయి. పది మంది నిండితే బయలుదేరతాయి. నేను కిందటి నెలలో మా బంధువులతో వెళ్లినప్పుడు ఒక్కొక్కరికి ఒక వైపు 60 బాత్ ఇచ్చాము. మీరు ఐదుగురు ఉన్నారు కాబట్టి ఇంకొక ఐదుగురి కోసం ఆగితే చాలు, ఉదయం ఎనిమిది గంటలకు చేరుకుంటే ఎక్కువసేపు పట్టదు. పైన 306 మెట్లు ఉన్నాయి, పెద్దవారికి కేబుల్ లిఫ్టు ఉంది. తిరుగు ప్రయాణానికి చీకటి పడేదాకా ఆగవద్దు. కిందికి దిగే బండ్లు తగ్గిపోతాయి, అప్పుడు మళ్లీ గంపగుత్త బేరమే అవుతుంది.

తెనాలి_పిన్ని
ఘాట్ రోడ్డులో మలుపులు ఎక్కువ, బండి లోపల ఎదురెదురుగా పక్కకు తిరిగి కూర్చోవాలి. మా పెద్దబ్బాయికి వాంతులయ్యాయి. అమ్మాయిని తలుపు వైపు, గాలి తగిలేచోట కూర్చోబెట్టండి, కాని ఒడిసి పట్టుకోండి. నిమ్మకాయ దగ్గర ఉంచుకోండి.

ఒంటరి_పయనం
తిరిగి వెళ్లే రోజు విమానాశ్రయానికి యాప్ కారే మేలు. పాత నగరం నుంచి నాలుగైదు కిలోమీటర్లే. వచ్చేటప్పుడైతే లోపలి కౌంటరులో 150 బాత్‌కు టాక్సీ ఇచ్చారు నాకు. మీరు ఐదుగురు, సామాను ఉంటుంది కాబట్టి పెద్ద కారు ఎంచుకోండి.

వరంగల్_బాటసారి
దోయ్ సుథేప్ వెళ్లి వచ్చాము. 25 నిమిషాలు ఆగితే బండి నిండింది, ఇవ్వవలసింది సుథేప్ నీడ గారు చెప్పినంతే అయింది. మాతోపాటు ఎక్కినవారిలో పక్క పట్టణం లాంపూన్ నుంచి వచ్చిన ఒక ముసలి దంపతులు ఉన్నారు. భాష తెలియకపోయినా మా అమ్మ, ఆ అవ్వ దారంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. వారి ఊరు చూడాలని అమ్మ ఇప్పుడు పట్టుబడుతున్నది. సంత దగ్గర నీలం బండ్లు, పసుపు బండ్లు, తెల్ల బండ్లు కూడా చూశాను. వాటిలో ఏది ఎక్కాలి?

నిమ్మాన్_గూడు
నీలం బండి లాంపూన్‌కు, తెల్లది సాన్ కాంపేంగ్ అనే ఊరి వైపు. పసుపువి చుట్టుపక్కల ఊళ్లకు పోతాయి, ముందు అద్దం మీద ఊరి పేరు ఉంటుంది కాని థాయ్ లిపిలో ఉంటుంది, అడిగి ఎక్కండి. వీటికి ఎర్ర బండ్లలా కాకుండా నిర్ణీతమైన దారి ఉంటుంది, గంపగుత్త గొడవ లేదు. నీలం బండ్లు కాద్ లువాంగ్ దగ్గర, పింగ్ నది గట్టు వైపు నిలుస్తాయి. పాత లాంపూన్ రోడ్డు మీదుగా పోయే బండి ఎక్కండి, సారఫీ అనే ఊరి దగ్గర రోడ్డుకు రెండు వైపులా ఆకాశాన్నంటే యాంగ్ చెట్లు కిలోమీటర్ల పొడవునా ఉంటాయి.

వరంగల్_బాటసారి
అలాగే. ఈసారి నాన్నగారే కిటికీ దగ్గరకు వెళ్లి ఊరి పేరు చెబుతానంటున్నారు.